గిర్ని ఇంజను అడుగు రంగు

గోదావరిఖనికి చూడ్డానికని ఎవరూ వెళ్లరు. పనికి వెళతారు, పని దొరికినవాళ్ల ఇంటికి చుట్టపుచూపుగా వెళతారు. నేను ఒక రంగు కోసం వెళ్లాను. ఒక పాత కారు ఇంజనుకు ఫ్యాక్టరీలో వేసి పంపిన రంగు అది. దాని కోసం బెజవాడ నుంచి బొగ్గు గనుల దాకా వెళ్లడమేమిటని మీకు అనిపిస్తే, దారి పొడుగునా నాకూ అలాగే అనిపించింది.

డెబ్బైల మొదట్లోని మాట ఇది. బెజవాడలో మాది చిన్న షెడ్డు. ఇంజను పని నాది, రంగుల పని యాకూబ్‌ది. యాకూబ్ కరీంనగర్ వైపు మనిషి. లారీల మీద పూలు, చిలకలు వేసుకుంటూ మా ఊరొచ్చి మా దగ్గర కుదిరాడు. వరదరాజులు గారని, కాలవల శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరైన పెద్దమనిషి, తెల్లవాళ్ల కాలంలో కొన్న ఇంగ్లీషు కారును మాకు అప్పగించారు. బానెట్టు ఎత్తితే ఇంజను కొన్ననాడు ఎలా ఉందో అలాగే కనిపించాలి. ఆయన పెట్టిన షరతు అదొక్కటే.

ఇంజను విప్పినప్పుడు, డైనమో బిగించిన చోట, జిడ్డు గడ్డల కింద అసలు రంగు రూపాయి బిళ్లంత మిగిలి ఉంది. యాకూబ్ దాన్ని కిరసనాయిలు గుడ్డతో తుడిచి, "పచ్చ మేస్త్రీ. ఈ ముక్క మీద సోడా పడకుంట దాచిపెడదం" అన్నాడు. నేనూ చూశాను. బూడిద రంగు. "పచ్చేంటి నీ మొహం" అని భాగాలన్నీ కాస్టిక్ సోడా తొట్టిలో వేయించాను. మర్నాటికి ఇనుము మిగిలింది.

బూడిద రంగు వేయించాను. వరదరాజులు గారు వచ్చి బానెట్టెత్తి, "ఇదేంటోయ్, నాది పచ్చ కదా" అన్నారు. యాకూబ్ పక్కనే ఉన్నాడు.

"యాకూబ్ చెప్పిన రంగే వేశామండీ" అన్నాను నేను.

ఆలోచించి అన్న మాట కాదు. చెయ్యి కాలితే వెనక్కి తీసుకుంటామే, అంత తొందరగా వచ్చేసింది. వచ్చాక వెనక్కి తీసుకోలేదు. పెద్దాయన యాకూబ్ వంక చూసి, "రంగు తెలియనివాడికి బ్రష్షెందుకయ్యా" అన్నారు. యాకూబ్ నా వంక ఒకసారి చూశాడు. చేతులు కడుక్కుని, చొక్కా తొడుక్కుని వెళ్లిపోయాడు. నా అబద్ధం నిలబడాలి కనుక, ఆ వారంలోనే మరో నాలుగు షెడ్లలో అదే మాట చెప్పాను. బెజవాడలో అతనికి ఇక పని దొరకలేదు.

ఆ తరవాత వేరేవాళ్ల చేత మూడు రకాల పచ్చలు వేయించి చూపించాను. మూడుసార్లూ పెద్దాయన "ఈ పచ్చ కాదు" అన్నారు. ఆ మూడింటికీ మధ్య తేడా ఏమిటో నాకు అంతుపట్టలేదు. వయసు మీద పడి ఆయనకే గుర్తు తప్పుతోందనుకున్నాను. అంతలో గోదావరిఖని నుంచి కార్డు వచ్చింది.

"గసొంటి ఇంజనే ఈడ ఒక గిర్నిల ఉన్నది. గీకి చూసుకో మేస్త్రీ. నేనేం అడుగుత లేను. యాకూబ్."

రెండు నెలలు ఆ కార్డు సొరుగులోనే ఉంచాను. వరదరాజులు గారు కారు తీసుకుపోతాననేసరికి బయలుదేరాను.

కాజీపేట: రేగుపళ్లు

కాజీపేటలో బండి మారాలి. ప్లాట్‌ఫారం మీద ఒకామె గంపలో రేగుపళ్లు అమ్ముతోంది. మా వైపు ఏరుకోనివ్వరు, ముంతతో కొలిచి పోస్తారు. ఇక్కడ గంప ముందుకు తోసి "ఏరుకో" అంది. సంబరంగా జేబు నిండా ఏరుకున్నాను. బండిలో ఎదుటి సీటు ముసలాయన నా వంక చూసి నవ్వాడు.

"అన్నీ పచ్చియే ఏరుకుంటివేంది బిడ్డా. పండ్లు పెట్టుకుని కాయలు తింటరా మీ దిక్కు?"

కొరికితే నిజంగానే వగరు. పండూ కాయా చూడకుండా తెస్తానని, మా ఇంట్లో కూరగాయలకు నన్ను పంపడం మానేసి చాలా ఏళ్లయింది. తొందరమనిషినని మా ఆవిడ అంటుంది. నేనూ అంతే అనుకునేవాడిని. ఆ ముసలాయన తన పళ్లు నాలుగు నా చేతిలో పెట్టి జమ్మికుంటలో దిగిపోయాడు.

రామగుండం: తెల్ల లాల్చీ

క్షమాపణ చెప్పడానికి వెళుతున్నాను కదా అని తెల్ల లాల్చీ వేసుకున్నాను. రామగుండంలో దిగి, గోదావరిఖని బస్సు కోసం నిలబడేసరికే భుజాల మీద నల్లటి పొడి. దులిపాను. దులపకూడదని అప్పుడు తెలిసింది. దులిపితే ఊడదు, పాకుతుంది. పక్కనున్న కార్మికుడు "ఊదాలె సారు, చెయ్యి పెట్టొద్దు" అన్నాడు. అప్పటికి లాల్చీ ముందుభాగమంతా నా అయిదు వేళ్లూ ఉన్నాయి.

ఖనిలో ఇంటింటి ముందూ బొగ్గు కుంపట్లు. మా ఊళ్లో కట్టెలకు బేరమాడినట్టు ఇక్కడ ఎవరూ బొగ్గుకు బేరమాడరు. టీ పదిహేను పైసలు, మా ఊరికంటే అయిదు ఎక్కువ, కానీ గ్లాసు పెద్దది. అందరూ అందర్నీ "నువ్వు" అంటారు. టీ కొట్టాయన నన్ను "యాడికెళ్లి వచ్చినవ్?" అంటే మొదట మనసు చివుక్కుమంది. తరవాత అతను గని మేనేజరుతోనూ అలాగే మాట్లాడటం చూసి సర్దుకున్నాను.

యాకూబ్ ఉండే రేకుల షెడ్డు దగ్గర ఎవరూ లేరు. పక్కింటామెను అడిగితే "ఫస్ట్ షిఫ్ట్ దిగినంక వస్తడు" అంది. ఎన్ని గంటలకని అడిగాను. "షిఫ్ట్ దిగినంక అంటున్న గదా" అంది, నాకు చెముడేమో అన్నట్టు చూస్తూ. ఈ ఊళ్లో గడియారం ఎవరికీ అక్కర్లేదు. సైరను కూస్తే అన్నం పెడతారు, సైరను కూస్తే నీళ్లు తోడతారు. నేను అరుగు మీద కూర్చుని, కూత ఎప్పుడు వినిపిస్తుందా అని మధ్యాహ్నం దాకా ఎదురుచూశాను. ఏం చెప్పాలో పదిసార్లు మనసులో అనుకున్నాను.

యాకూబ్ వచ్చాడు. చేతుల నిండా తెల్లరంగు. గని లారీల వెనక నంబర్లు రాసే పని చేస్తున్నాడట.

"వచ్చినవా మేస్త్రీ. అన్నం తిన్నవా?"

అనుకున్నవన్నీ వదిలేసి, "ఇంజను ఎక్కడుంది?" అన్నాను. సిగ్గులేని మాట అది. అతను "రేపు పొద్దుగాల పోదం. గా లాల్చీ ఇడువు, ఉతికిస్త" అన్నాడు. ఆ రోజు అతని ఇంట్లోనే జొన్నరొట్టె, ఎల్లిపాయ కారం తిన్నాను. మా వైపు రొట్టె అంటే జ్వరమొచ్చినవాడికి. ఇక్కడ రొట్టె తినకపోతేనే జ్వరమొచ్చిందా అని అడుగుతారు.

రాజవ్వ గిర్ని

పిండిమరను ఇక్కడ గిర్ని అంటారు. గిర్ని నడిపేది రాజవ్వ, నలభై ఏళ్లుంటాయి. భర్త కొమురయ్య గనిలో పనిచేస్తాడు. పాత కారు ఒకటి తుక్కు కింద కొని, దాని ఇంజనును సిమెంటు దిమ్మె మీద బిగించి, కిరసనాయిలుతో నడుపుతూ, పట్టీ వేసి మరరాయిని తిప్పుతున్నారు. ఇంజనును చూడగానే పోల్చుకున్నాను. అచ్చం వరదరాజులు గారిదే. కానీ నిలువెల్లా వెండి రంగు, దాని మీద ఎండిన పసుపు, కుంకుమ బొట్లు.

"ప్రతి దసరాకు రంగేసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొడతం" అంది రాజవ్వ. "పైసలున్న ఏడు రంగు, లేని ఏడు బొట్టుతోనే సరి. ఏ రంగు దొరికితే గా రంగు."

మా వైపూ ఆయుధ పూజ చేస్తాం కానీ తుడిచి బొట్టు పెట్టి ఊరుకుంటాం. ఇక్కడ యంత్రానికి కొత్తబట్ట పెట్టినట్టు కొత్తరంగు పెడతారు. పాతది గీకరు. దాని మీదే వేస్తారు. అంటే ఫ్యాక్టరీ రంగు పొట్టలో భద్రంగా ఉందన్నమాట.

కొంచెం గీకనిమ్మని అడిగాను. రాజవ్వ మొహం మారింది.

"పూజ చేసిందాన్ని గీకుతవా? దసరాకు ఇంక తొమ్మిది నెలలున్నది. గన్ని దినాలు గిది బోడిగ ఉండాల్నా?"

యాకూబ్ కల్పించుకుని, "అక్కా, మల్ల రంగేస్తడు" అన్నాడు.

"ఎవలు, నువ్వా?"

"నేను గాదు. గీకెటోడు."

రాజవ్వ నా బట్టల వంక, నా చేతుల వంక చూసింది. "మంచిది. గీకుడు నీదైతే రంగేసుడు సుత నీదే. మొత్తం ఇంజనుకు. ఎర్రరంగు కావాలె నాకు." సరేనన్నాను.

మర ఆగింది. జొన్నలు, మక్కల గంపలతో వరసలో ఉన్న ఆడవాళ్లు నా మీద పడ్డారు.

"ఆంధ్రాల ఇంజన్లు లెవ్వా, మా గిర్ని మీద పడ్డవ్?"

"గీకి గీకి పిండి అయితదేమో సూడన్నా, రొట్టెలు చేసుకుందం."

ఉంగరాలు

వేడి తగలని పక్క, నంబరు పలక కింద చోటు యాకూబే చూపించాడు. పొగగొట్టం వైపు రంగు కాలి మారిపోతుందని, అక్కడ చూస్తే మోసపోతామని చెప్పాడు. తడిపిన వాటర్ పేపరుతో, అంటే సన్న గరుకు కాగితంతో, ఒకేచోట గుండ్రంగా రుద్దాడు. పై రంగు పోయి, దాని కింది రంగు, దాని కిందిది, అలా ఉంగరాల్లా ఒకదాని లోపల ఒకటి బయటపడ్డాయి. నడుమ ఇనుము తళుక్కుమంది.

రాజవ్వ వంగి వేలితో లెక్కపెట్టింది. "వెండి రంగు పోయినేటిది. నీలం, మా చిన్నది పుట్టిన ఏడు. ఎరుపు, మా ఆయనకు పర్మినెంట్ అయిన ఏడు. పసుపు, గిర్ని పెట్టిన ఏడు. పసుపు ఏసేటప్పుడు కింద గీ బూడిద రంగు మందంగ పూసిన్రు. దాని కింద పచ్చ. గది కారుతోని వచ్చింది. ఆరు."

నేనూ లెక్కపెట్టాను. అయిదు.

"అయిదే కదమ్మా" అన్నాను.

"ఆరన్నా."

మళ్లీ లెక్కపెట్టాను. వెండి, నీలం, ఎరుపు, పసుపు, బూడిద. తరవాత ఇనుము. బూడిద ఉంగరం మిగతావాటికంటే కొంచెం వెడల్పుగా ఉంది. అంతే.

"గిట్ల లెక్కపెట్టెటోడు గిర్ని పెడితే చాటెడు పిండి చారెడైతది" అంది వెనక ఎవరో. అందరూ నవ్వారు. నేనూ నవ్వబోయాను. యాకూబ్ నవ్వలేదు. నా మొహంలోకే చూస్తున్నాడు.

అతను బయటికి వెళ్లి, తన రంగు డబ్బాల్లోంచి రెండు చుక్కలు రెండు పెంకుల మీద వేసి తెచ్చాడు. "గిది బూడిద, గిది పచ్చ. చూసినవా?" అన్నాడు. చూశానన్నాను. పెంకులు రెండూ వీపు వెనక్కి పెట్టి, తిరిగి ముందుకు చాపాడు. "ఇప్పుడు చెప్పు."

ఎడమచేతిది పచ్చ అన్నాను. గంపలవాళ్ల నవ్వు ఆగిపోయింది. మళ్లీ అడిగాడు. ఈసారి సరిగ్గా చెప్పాను. మూడోసారి తప్పాను. నాలుగోసారి నోరు తెరవలేదు. రెండు పెంకులూ ఒక్కటే. వెలుగులోకి వెళ్లి చూసినా, దగ్గర పెట్టుకు చూసినా ఒక్కటే. ఇనుము నాకు తెలుసు, నూనె నాకు తెలుసు, చెవి పెడితే ఏ సిలిండరు కొట్టుకుంటుందో చెప్తాను. కళ్లముందున్న దాన్ని పదిమంది చూస్తున్నారు, నేను చూడటం లేదు.

చుక్కల బుక్కు

షిఫ్టు దిగి కొమురయ్య వచ్చాడు. సంగతి విని ఆశ్చర్యపోలేదు.

"మా గనిల ఇంజన్ డ్రైవర్ పోస్టుకు పేరిచ్చినం, నేనూ ఇంకొకాయన. దవాఖానల డాక్టరు చుక్కల బుక్కు చూపిచ్చిండు. నాకు చుక్కల నడుమ అంకె కనవడ్డది. ఆయనకు ఒట్టి చుక్కలే. సూదిల దారం ఎక్కిస్తడు ఆయన, గుడ్డి గాదు. ఎర్రలైటు, పచ్చలైటు కాడ తేడా వస్తదని పోస్టు ఇయ్యలే. పుట్టుకతోని వస్తదట. మందు లేదట." నా భుజం మీద చెయ్యి వేశాడు. "ఫికర్ చెయ్యకన్నా. ఆయన మంచిగనే ఉన్నడు."

ఇక్కడ ఒకటి ఒప్పుకోవాలి. ఆ మాట విన్నాక నా మనసు తేలికైంది. పుట్టుకతో వచ్చినదైతే నా తప్పేముంది? రేగుపళ్లూ, మూడు పచ్చలూ, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చి, అన్నిటికీ కారణం దొరికిందని సంతోషించాను. యాకూబ్ వైపు తిరిగి, "చూశావా, నాకు నిజంగానే కనపడలేదు" అన్నాను, ఏదో గెలిచినట్టు.

యాకూబ్ పెంకులు తుడుస్తున్నాడు.

"కనవడలే. సరే. నేను చెప్పిన గదా?"

"చెప్పావు."

"గప్పుడు నీకు బూడిద కనవడ్డది. నాకు పచ్చ కనవడ్డది. నువ్వు మేస్త్రివి, నీ మాటే నడిచింది. దాని మీద నాకు కోపం లేదు. సారు ముందట యాకూబ్ చెప్పిన రంగు అంటివి. గది నీ కండ్లు చెప్పలే గదా మేస్త్రీ."

రాజవ్వ ఒక చెంబుతో నీళ్లు తెచ్చి నా ముందు పెట్టింది. అరుగు మీద కూర్చుని పదిసార్లు అనుకున్న మాటలు అప్పుడు చెప్పాను. వాటిలో సగమే గుర్తొచ్చాయి. తప్పు చేశాను, నాలుగు షెడ్లలో నీ పేరు పాడు చేశాను, అన్నాను. నాతో బెజవాడ వచ్చెయ్యమన్నాను.

"నేను రాను. ఈడ నా నంబర్లు నేను రాసుకుంట. సారుకు మాత్రం చెప్పు. గా షెడ్లల్ల సుత చెప్పు. నువ్వు చెప్పిన నోటితోనే చెప్పాలె."

చెప్తానన్నాను. నమ్మాడో లేదో మొహం చూస్తే తెలియలేదు.

తడిగుడ్డ కింద

మర్నాడు తెల్లారగానే, సైరను కూయకముందు, యాకూబ్ రంగు కలిపాడు. పొద్దెక్కితే లారీలు తిరుగుతాయి, బొగ్గుపొడి లేస్తుంది, తడిరంగు మీద వాలితే రంగు మారిపోతుందట. గిర్ని వెనక రెండు కర్రలకు తడిచీర కట్టి, దాని కింద కూర్చున్నాడు. పచ్చ ఎనామిలులో తెలుపు, చెంచా నీలం, పుల్లతో తీసిన నలుపు చుక్క. కలిపిన రంగును రేకు ముక్క మీద పూసి, కుంపటి వేడికి ఆరబెట్టి, అడుగు ఉంగరం పక్కన పెట్టి చూస్తాడు. తడిగా ఉన్నప్పుడు చూస్తే ఎవడైనా మోసపోతాడని, ఆరాకే అది దాని రంగని చెప్పాడు. అయిదు రేకులు పారేశాడు. ఆరోదాన్ని ఉంగరం పక్కన పెట్టి రాజవ్వను పిలిచాడు.

"గిప్పుడు అతికిందిరా" అంది ఆమె.

నేను పక్కన కూర్చుని చూస్తూనే ఉన్నాను. నాకు ఆరు రేకులూ ఒకేలా ఉన్నాయి.

ఆ తరవాత నా పని. యాకూబ్ రెండు డబ్బాలు తెచ్చి పెట్టి పక్కకు వెళ్లిపోయాడు. మూతలు తీసి, ఒకదానివైపు చెయ్యి చాపి ఆగాను. నా జీవితంలో ఇంకొకర్ని రంగు అడగడం అదే మొదటిసారి.

"అక్కా, ఇదేనా ఎరుపు?"

"అది గాదన్నా, పక్కది" అంది రాజవ్వ. నవ్వలేదు. ఇంజనంతా ఎర్రరంగు వేసేసరికి మధ్యాహ్నమైంది. రంగు ఆరాక ఆమె దానికి పసుపు, కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టింది. వరసలో ఉన్నవాళ్లకు ముక్కలు పంచి, నాకూ ఒక ముక్క ఇచ్చి, "నీ ఏడు గుర్తుంటదిక. వెండి మీద ఎరుపు" అంది.

యాకూబ్ పచ్చరంగు డబ్బాకు మూత బిగించి, గుడ్డ చుట్టి చేతికిచ్చాడు. ఉతికిన లాల్చీ కూడా ఇచ్చాడు. అయిదు వేళ్ల మరకలు పూర్తిగా పోలేదు.

బెజవాడ

రంగు వేయించిన నాలుగోనాడు వరదరాజులు గారు వచ్చారు. బానెట్టు ఎత్తారు. చాలాసేపు వంగే ఉన్నారు. వేలితో మెల్లగా తాకి చూశారు.

"ఇదే" అన్నారు. లేచి నా వీపు తట్టారు. "మొత్తానికి సాధించావోయ్. కన్నంటే నీదే."

షెడ్డులో అందరూ ఉన్నారు. ఆ మెప్పు తీసుకుని ఊరుకుంటే అక్కడితో ముగిసిపోయేది. గోదావరిఖని నుంచి ఎవరూ వచ్చి అడగరు. ఆ కొద్దిసేపు నేను ఊరుకున్నాను కూడా. ఆ సంగతి రాయకుండా వదిలేస్తే ఇది మళ్లీ అబద్ధమే అవుతుంది.

"నా కన్ను కాదండీ" అన్నాను. "నాకు ఈ రంగు కనపడదు. మొదటిరోజే యాకూబ్ పచ్చ అని చెప్పాడు. నేను వినలేదు. మీ ముందు అతని మీద పెట్టాను."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"ఆ రోజు అతన్ని నేనొక మాట అన్నాను" అన్నారు చివరికి. "అతని చిరునామా రాసివ్వు."

నాతో అంతకుమించి మాట్లాడలేదు. కారు తీసుకుపోయారు, మళ్లీ మా షెడ్డుకు పంపలేదు. ఆ సాయంత్రం నుంచి ఒక్కొక్క షెడ్డుకూ వెళ్లి చెప్పాను. ఒకచోట నవ్వారు, ఒకచోట టీ ఇచ్చారు, ఒకచోట మేస్త్రీకి రంగులు తెలియవట అని నా ముందే అనుకున్నారు. అందులో అబద్ధం లేదు.

యాకూబ్‌కు కార్డు రాశాను. రంగు అతికింది, చెప్పాను, అని. జవాబు రాలేదు.

మొన్న గాంధీనగర్‌లో ఆ కారు ఆగి ఉంటే, డ్రైవరును అడిగి బానెట్టు ఎత్తించుకుని చూశాను. నాకు ఇప్పటికీ బూడిదే. రోడ్డున పోయేవాళ్లు ఇద్దరు ఆగి, "ఇంజనుకు భలే రంగేశారే, ఏం రంగండీ అది?" అని అడిగారు.

"పచ్చ" అన్నాను. "యాకూబ్ చెప్పిన రంగు."